పదవి విడిచినవారు, పక్షము విడిచినవారు

రాజకీయములలో స్వతంత్రబుద్ధి యను మాట మన దేశమున మిక్కిలి చవుకయై పోయినది. నిన్న ఒక పక్షపు గుర్తుపై గెలిచి నేడు మరియొక పక్షపు కండువా కప్పుకొన్న శాసనసభ్యుడు సయితము తన యంతరాత్మ ప్రబోధముననే అట్లు చేసితినని చెప్పుచున్నాడు. నియోజకవర్గపు అభివృద్ధికొరకు పోయితి ననువాడొకడు, ఆత్మగౌరవము కొరకు పోయితి ననువాడొకడు. ఇట్టి మాటలు వినివిని జనులకు కోపము వచ్చుట మానినది, నవ్వు వచ్చుటయు మానినది. ఇది మంచి సూచన కాదు. అబద్ధమునకు అలవాటుపడిన ప్రజలు నిజమును గూడ గుర్తింపలేని స్థితికి వత్తురు. నిజమైన స్వతంత్రబుద్ధి యనునది కలదా, కలదేని దానిని నకిలీసరుకునుండి వేరుపరచుట యెట్లు, అను ప్రశ్నను నేడు మా పాఠకుల యెదుట నుంచుచున్నాము. ఉత్తరమునకై దూరము పోనక్కరలేదు. ఆదిలాబాదు మండలమున పుట్టిన యొక నేతబిడ్డ జీవితము మన కన్నులయెదుట నున్నది.

శ్రీ కొండా లక్ష్మణ్ బాపూజీగారు 1915 సెప్టెంబరు 27వ తేదీన వాంకిడి గ్రామమున పద్మశాలి కుటుంబమున జన్మించిరి. మహారాష్ట్రపు పొలిమేర నంటియున్న ఆ సీమలో తెలుగు, మరాఠీ, గోండీ భాషలు మూడును కలసి వినబడుచుండును. అడవి యెవ్వరిది, నీరెవ్వరిది, నేల యెవ్వరిది యని యడిగిన కుమురం భీము 1940లో జోడెఘాట్ కొండలలో నిజాము బలగముల తుపాకులకు నేలకొరగినది ఆ ఆసిఫాబాదు ప్రాంతముననే. దొర యనినను, అమీనుసాహెబనినను ఊరంతయు లేచి నిలువవలసిన కాలమది. అట్టిచోట మగ్గము నమ్ముకొన్న యింటినుండి వచ్చిన బాలుడు చదువుకొని, న్యాయవాదియై, హైదరాబాదు నగరమునకు పోయి న్యాయస్థానములలో నిలిచి వాదించుటయే ఆనాడొక విశేషము.

నాటి నిజాము రాజ్యపు స్థితిని ఈతరమువారికి గుర్తుచేయుట యవసరము. నలుగురు కూడి సభ జరుపుకొనవలెనన్న గస్తీ నిషాన్ 53 అడ్డము వచ్చెడిది. 1930లో జోగిపేటలో మొదలై, 1935లో మన సిరిసిల్లకు వచ్చిన ఆంధ్రమహాసభలు అనుమతుల గండములు దాటి జరుగవలసి వచ్చినవే. హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు 1938లో పుట్టకముందే నిషేధింపబడినది. తల్లిగర్భముననున్న శిశువునకు శిక్షవేసిన ప్రభుత్వమని ఆ ప్రభుత్వమును చెప్పుకొనవచ్చును. గ్రంథాలయము స్థాపించుట నేరమునకు దగ్గరగను, పత్రిక చదువుట అనుమానమునకు తావుగను ఉన్న ఆ దినములలో ప్రజాకార్యమున దిగినవాడు ముందుగా పోగొట్టుకొనుటకే సిద్ధపడవలసియుండెను, రాబట్టుకొనుటకు అచ్చట నేమియు లేదు. లక్ష్మణ్ గారు ఈ పాఠశాలలో చదువుకొన్నవారు.

వారు న్యాయవాదవృత్తిని జీవనోపాధిగా మాత్రమే యెంచలేదు. విసునూరు దేశముఖునకు ఎదురునిలిచిన చాకలి ఐలమ్మ వంటి పేదల పక్షమున నిలిచి, ఫీజు నాశింపక వాదించిన న్యాయవాదిగా వారికి పేరు కలదు. 1947 డిసెంబరు 4వ తేదీన నారాయణరావు పవార్ కింగ్‌కోఠి సమీపమున నిజాము మోటారుపై బాంబు విసరిన కేసులో లక్ష్మణ్ గారి పేరు గూడ చేరెను. వారు అజ్ఞాతమునకు పోయిరి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారత దేశమున చేరువరకు వారి జీవితము ఇల్లు లేక, వృత్తి లేక గడచినది. నిజాము పాలన పోయినపిమ్మట అట్టివారికి పదవులు దగ్గరగనే వచ్చినవి. నిజమైన పరీక్ష ఆనాడే మొదలైనదని మా యభిప్రాయము. కష్టకాలమున ధైర్యము చూపినవారు మనలో పలువురున్నారు. సుఖకాలమున, తన పక్షమే యధికారమున నున్నపుడు, తాను మంత్రియై యున్నపుడు ధైర్యము చూపినవారు అరుదు.

1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఆసిఫాబాదు ప్రజలు లక్ష్మణ్ గారిని హైదరాబాదు శాసనసభకు పంపిరి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప వారు శాసనసభకు ఉపసభాపతిగను, ఆపైన రాష్ట్రమంత్రిగను పనిచేసిరి. చేనేతవారిని సహకారసంఘములుగా కూర్చి, నూలు కొనుగోలులోను బట్ట అమ్మకములోను మధ్యవర్తుల పట్టునుండి విడిపించుటకై వారు చేసిన కృషిని నేతకుటుంబముల పెద్దలు నేటికిని చెప్పుకొందురు. 1967లో భువనగిరినుండి గెలిచి బ్రహ్మానందరెడ్డిగారి మంత్రివర్గమున నుండిరి. అంతవరకు వారి చరిత్ర ఒక సమర్థుడైన కాంగ్రెసు నాయకుని చరిత్ర. ఆపైనది వేరు.

1956లో తెలంగాణమును ఆంధ్రరాష్ట్రముతో కలుపుటకు ముందు పెద్దమనుషుల యొప్పందము జరిగెను. ఫజల్ ఆలీ సంఘము 1955లోనే తొందరపడవద్దని, తెలంగాణమును కొంతకాలము వేరుగ నుంచి, పిదప అచ్చటి శాసనసభ్యులలో మూడింట రెండువంతులవారు కోరిననే కలుపుమని చెప్పియుండెను. ఆ సలహాను కాదని కలిపినప్పుడు ఉద్యోగములలో స్థానికులకు రక్షణ, తెలంగాణపు మిగులు ధనము తెలంగాణముననే ఖర్చు, ప్రాంతీయ సంఘము అను హామీలు వ్రాసియిచ్చిరి. పదునాలుగవ యేడు నిండకముందే ఆ హామీలు ఏమయ్యెనని యడుగుచు 1969 జనవరిలో ఖమ్మము జిల్లాలో విద్యార్థులు, ఉద్యోగులు కదలిరి. కొలది దినములలో ఆ మంట వరంగల్లు, హైదరాబాదులమీదుగా మన రెండు మండలములకును వ్యాపించెను. విద్యాలయములు మూతపడినవి, కాల్పులు జరిగినవి, మూడువందలకు మించిన ప్రాణములు పోయినవని ఆ యుద్యమమువారి లెక్క.

అట్టి సమయమున తెలంగాణపు మంత్రి యేమి చేయవలెను? లోపలనుండియే మేలు చేయుదునని చెప్పి కుర్చీని కాపాడుకొనుట సులభము. పైవారికి లేఖ వ్రాసి, ఆ లేఖ నకలును పత్రికలకిచ్చి, మరునాడు మంత్రివర్గసమావేశమునకు పోవుట మరింత సులభము. లక్ష్మణ్ గారు రాజీనామా చేసి బయటికి వచ్చిరి. రాష్ట్రము వచ్చువరకు పదవి ముట్టనని పట్టుపట్టిరి. రాజీనామాలు చేసినవారు లోకమున ననేకులు కలరు, దానిపై నిలిచినవారు ఎందరను లెక్కయే ముఖ్యము.

తరువాతి సంగతి చూడుడు. 1971 లోకసభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితి తెలంగాణమందలి పదునాలుగు స్థానములలో పదింటిని గెలిచెను. దేశమంతయు ఇందిరాగాంధీగారి గాలి వీచుచుండగా ఈ చిన్న ప్రాంతము ఎదురు నిలిచి తన మాట చెప్పినది. ప్రజలు అంతకంటె స్పష్టముగా ఏమి చెప్పగలరు? అయినను ఆ యేటి సెప్టెంబరులోనే ప్రజాసమితి కాంగ్రెసులో కలసిపోయెను. బ్రహ్మానందరెడ్డిగారు దిగిపోగా, మన వంగర గ్రామమువారును మంథని ప్రతినిధియునైన పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రియైరి. నాయకులలో కొందరికి పదవులు లభించినవి. 1973లో ఆరు సూత్రముల పథకము వచ్చెను. కోరినది రాష్ట్రము, దొరకినది సూత్రములు. ఆ పదిమంది గెలుపును నాయకులు ఆరు నెలలకే కరిగించివేసిరను బాధ ఈ ప్రాంతమున ముప్పది యేండ్లు మండుచునే యుండెను.

లక్ష్మణ్ గారిని 1972లో భువనగిరి ప్రజలు మరల శాసనసభకు పంపిరి. కాని మంత్రిపీఠము వారు మరల నెక్కలేదు. ఉద్యమము చల్లారిన దినములలో, తెలంగాణ యను మాటయే శాసనసభలో వినబడని దినములలో, ఆ మాటను విడువక పట్టుకొన్న కొలదిమందిలో వారొకరు. 2001 ఏప్రిల్ 27వ తేదీన తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టినది హుస్సేనుసాగరు గట్టుననున్న వారి యింట, ‘జలదృశ్యము’న. పెద్దమనుషులు పలువురు సందేహించి దూరముగ నిలిచిన సమయమున ఆ యింటి తలుపు తెరచియుండెను. తదుపరి నాటి ప్రభుత్వము ఆ భవనమును కూలగొట్టెను. ఇల్లు పోయినను వారి మాట పోలేదు. తొంబది దాటిన వయసున కూడ దిల్లీ పోయి సత్యాగ్రహదీక్షలో కూర్చుండిరి. 2012 సెప్టెంబరు 21న, తొంబదియేడు నిండుటకు ఆరు దినములు కొదువగా, కన్నుమూసిరి. ఇంచుమించుగా ఇరువది నెలలకు, 2014 జూన్ 2న, తెలంగాణ రాష్ట్రము వచ్చెను. నేడు ఉద్యానవిశ్వవిద్యాలయమునకు వారి పేరున్నది. వారి జయంతిని ప్రభుత్వము జరుపుచున్నది. దండలు వేయుటకు పోటీపడు మంత్రులలో ఎందరు ఆయన చేసిన పనిని చేయగలరని మాత్రము ఎవ్వరును అడుగుటలేదు.

ఇట్టి చరిత్రలు మనకు మాత్రమే యున్నవని యనుకొనరాదు. ఆంగ్లసామ్రాజ్యమున స్వపరిపాలనకు ముందుగా నోచుకొన్న కెనడా దేశమున హాన్రీ బురాసా అను నాయకుడుండెను. 1868లో పుట్టిన ఈయన ఫ్రెంచి భాష మాట్లాడు క్యూబెక్ ప్రాంతమువాడు. 1896లో ఉదారపక్షము తరపున పార్లమెంటునకు ఎన్నికై, ప్రధానమంత్రి సర్ విల్‌ఫ్రిడ్ లారియే గారికి ప్రీతిపాత్రుడైన యువకుడుగా నుండెను. లారియే గూడ ఫ్రెంచి కెనడావాడే. గురుశిష్యులు ఒకే జాతివారు, ఒకే పక్షమువారు. 1899లో దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధము రాగా, లారియే ప్రభుత్వము పార్లమెంటును పిలిచి యడుగక, మంత్రివర్గపు ఉత్తరువుతో వేయిమంది సైనికులను పంపుటకు నిశ్చయించెను. మా యువకుల రక్తము మా ప్రతినిధుల యనుమతి లేక ఎట్లు పారబోయుదురని బురాసా యడిగెను. అడిగి యూరకుండలేదు. పార్లమెంటు స్థానమునకు రాజీనామా యిచ్చి, తన నియోజకవర్గమగు లబెల్ ప్రజలయొద్దకు పోయెను. 1900 జనవరిలో వారాయనను పోటీ లేకుండగనే మరల పంపిరి. (ఆ యుద్ధముననే మన గాంధీగారు గాయపడినవారిని మోయుటకు భారతీయులతో సేవాదళము నడపిరి. ఒకే యుద్ధము ఇద్దరు మనస్వులను రెండు త్రోవల నడపినది.)

తరువాత బురాసా జీవితమంతయు ఎదురీతయే. 1910 జనవరి 10న ‘కర్తవ్యము’ అను నర్థము గల ‘ల దెవ్వార్’ పత్రికను స్థాపించెను. ఆ యేడే కెనడా నౌకాదళపు చట్టమును ఎదిరించెను. 1911లో ఆయన జాతీయవాదులు కన్సర్వేటివులతో చేయి కలుపగా లారియే ఓడిపోయెను. కాని గెలిచిన బోర్డెన్ ప్రభుత్వము సామ్రాజ్యమునకు లారియే కంటెను ఎక్కువగా లొంగినది. ఎవ్వరిని దించుచున్నామో ఎరుగుట సులభము, ఎవ్వరిని ఎక్కించుచున్నామో ఎరుగుట కష్టమను పాఠమును ఆ యెన్నిక బురాసాకు నేర్పినది. 1917లో ప్రజలపై నిర్బంధ సైనికసేవను విధించినపుడు ఆయన మరల ఎదిరించెను. 1925 నుండి 1935 వరకు ఏ పక్షమునకును చెందక స్వతంత్రసభ్యుడుగా పార్లమెంటున కూర్చుండెను. ఆయన వాదములు అన్నియు సరియైనవని మేము చెప్పము. ఆయన ప్రధానమంత్రి కాలేదు, మంత్రియును కాలేదు. అయినను కెనడా తన కాళ్లపై నిలిచిన దేశమగుటలో ఆయన పాత్రను ఆ దేశచరిత్రకారులు విస్మరింపలేదు. ఆయన పెట్టిన పత్రిక నేటికిని నడచుచున్నది.

వాంకిడికిని లబెల్ నకును మధ్య సముద్రములున్నవి. కాని ఈ ఇరువురి చరిత్రలను ప్రక్కప్రక్కన నుంచి చూచిన యెడల స్వతంత్రబుద్ధికి మూడు గుర్తులు తేటపడును. మొదటిది, తనకు నచ్చనిది చెప్పుటవలన ఆ మనుష్యుడు ఏమి పోగొట్టుకొనెను? లక్ష్మణ్ గారు మంత్రిపదవిని, బురాసా గురువు దయను పోగొట్టుకొనిరి. రెండవది, తన నిర్ణయమును ప్రజల తీర్పునకు అప్పగించెనా? బురాసా తన స్థానమును వదలి ఓటరు వాకిట నిలిచెను. లక్ష్మణ్ గారు మంత్రిపదవి విడిచి భువనగిరి ఓటరు ఎదుట మరల నిలిచిరి. మూడవది, గాలి తిరిగినపుడు ఆ మాటపై నిలిచెనా? ఈ మూడు గుర్తులును లేని పక్షపరివర్తనమునకు స్వతంత్రబుద్ధి యను పేరు పెట్టుట ఆ పదమును అవమానించుట. పదవిని విడిచి సిద్ధాంతమును పట్టుకొన్నవాడు వేరు, పక్షమును విడిచి పదవిని పట్టుకొన్నవాడు వేరు. ఇద్దరును విడిచినవారే. కాని ఒకడు విడిచినది తనది, రెండవవాడు విడిచినది మనది. ఓటు మనది కదా!

ఈ విషయమున కరీంనగరు, ఆదిలాబాదు మండలముల ప్రజలకు ఒక గౌరవప్రదమైన సంప్రదాయము కలదని మేము సంతోషముతో చెప్పుచున్నాము. 2006లో శ్రీ కె. చంద్రశేఖరరావుగారు కేంద్రమంత్రిపదవిని, కరీంనగరు లోకసభాస్థానమును విడిచి మరల పోటీచేయగా ఇచ్చటి ప్రజలు రెండు లక్షలకు మించిన ఆధిక్యముతో గెలిపించిరి. 2010 జూలైలో పండ్రెండు శాసనసభాస్థానములకు ఉపయెన్నికలు జరిగెను. అందు సిరిపూరు, చెన్నూరు, మంచిర్యాల ఆదిలాబాదువి. కోరుట్ల, ధర్మపురి, వేములవాడ, సిరిసిల్ల, హుజూరాబాదు కరీంనగరువి. పండ్రెండింట ఎనిమిది మన రెండు మండలములవే. రాజీనామా యిచ్చిన పండ్రెండుగురును మరల గెలిచిరి. 2021లో హుజూరాబాదు సభ్యులు శ్రీ ఈటల రాజేందరు గారు తమ పక్షమును విడిచినపుడు స్థానమును గూడ విడిచి, వేరొక పక్షము తరపున ప్రజల యెదుట నిలిచి గెలిచిరి. ఏ పక్షము మంచిది, ఏది చెడ్డది యను విచారము ఇచ్చట మాకు లేదు. గుర్తు మారినవాడు ఓటరును మరల అడిగి మారవలెనను నియమము మాత్రమే మాకు ముఖ్యము.

రాజీనామా యనగనే మ్రొక్కుట గూడ తగదు. అదియు ఆటవస్తువు కావచ్చును. 2008లో అదే కరీంనగరు లోకసభాస్థానమునకు మరల రాజీనామా చేసి పోటీచేసినపుడు రెండు లక్షల ఆధిక్యము సుమారు పదునైదు వేలకు పడిపోయెను. ఆనాడు తెరాస సభ్యులు విడిచిన పదునారు శాసనసభాస్థానములలో ఆ పక్షము ఏడింటినే నిలుపుకొనగలిగెను. ఒకసారి త్యాగముగా తోచినది మరునాడు ఎత్తుగడగా తోచినపుడు ఓటరు ఆ తేడాను పసికట్టగలడని దీనివలన తెలియుచున్నది. ప్రజలను ఊరక పిలుచుట, ఉపయెన్నికల పేరిట ధనమును మద్యమును ప్రవహింపజేయుట ప్రజాస్వామ్యమును పెంచదు. 2022లో మునుగోడు ఉపయెన్నిక యెట్లు జరిగినదో పాఠకులు మరచియుండరు. అచ్చట రాజీనామా యిచ్చి నిలిచిన సభ్యులు ఓడిపోయిరి. ఓటమికి సిద్ధపడుటయే రాజీనామాకు విలువ. గెలుపు ఖాయమని లెక్కకట్టిన తరువాత చేయునది వ్యాపారము.

ఇక చట్టము సంగతి. 1985లో ఏబదిరెండవ సవరణచేత రాజ్యాంగమునకు పదవ షెడ్యూలును చేర్చిరి. పక్షమును విడిచినవాడు, పక్షపు విప్‌నకు వ్యతిరేకముగా ఓటు వేసినవాడు సభ్యత్వమును కోల్పోవలెనని దాని సారము. అయితే సభ్యులలో మూడవవంతు కలసి చీలినచో తప్పు లేదని అందొక కిటికీ తెరచిరి. చిల్లర దొంగను పట్టుకొని, గుంపుగా వచ్చినవారికి తలుపు తీసినట్లయ్యెను. 2003లో తొంబదియొకటవ సవరణచేత ఆ కిటికీని మూసిరి, కాని మూడింట రెండువంతులవారు వేరొక పక్షమున విలీనమగు ద్వారము మిగిలెను. దాని ఫలితమును మన రాష్ట్రమున 2019 జూన్‌లో చూచితిమి. కాంగ్రెసున మిగిలిన పదునెనిమిదిమంది సభ్యులలో పండ్రెండుగురు తెరాస పక్షమున విలీనమైరి. పదునెనిమిదిలో మూడింట రెండువంతులు సరిగా పండ్రెండే. అంతరాత్మ ప్రబోధములు గణితశాస్త్రమునకు ఇంత చక్కగా సరిపోవుట ఆశ్చర్యకరము! 2023లో ప్రభుత్వము మారినది. 2024లో కథ తలక్రిందులైనది. నాటి విలీనము వలన లాభపడిన పక్షమునుండి పదుగురు సభ్యులు అధికారపక్షమువైపునకు పోయిరి. ఈసారి మూడింట రెండువంతుల లెక్కయు కుదరలేదు. 2025 జూలై 31న సుప్రీంకోర్టు ఆ ఫిర్యాదులపై మూడు నెలలలో నిర్ణయము చేయుమని శాసనసభాపతికి చెప్పవలసివచ్చెను. నాడు నవ్వినవారు నేడు ఏడ్చిరి, నాడు ఏడ్చినవారు నేడు నవ్విరి. నాడును నేడును మోసపోయినవాడు ఓటరొక్కడే.

న్యాయవాదవృత్తిలో నున్న వానిగా ఈ చట్టమున మాకు రెండు లోపములు కనబడుచున్నవి. మొదటిది, తీర్పు చెప్పవలసిన సభాపతి స్వయముగా ఒక పక్షము బలముచే ఆ పీఠమెక్కినవాడు. 1992లో కిహోటో హొల్లొహాను కేసున సుప్రీంకోర్టు ఆయన నిర్ణయములను న్యాయస్థానములు పరిశీలింపవచ్చునని చెప్పినది. కాని నిర్ణయమే చేయక ఏండ్లు గడపినచో పరిశీలించుట కేమున్నది? అనర్హుడైనవాడు మరల గెలుచువరకు మంత్రి కారాదని 2003 సవరణలో స్పష్టముగా నున్నది. అనర్హుడని ప్రకటింపనంతవరకు ఆ నిబంధన పుస్తకముననే నిద్రించుచుండును. ఆలస్యమే ఇచ్చట అభయము. రెండవ లోపము మరింత లోతైనది. ఇదే చట్టము కుర్చీకొరకు దుమికినవానిని వదలిపెట్టి, నిజముగా మనస్సాక్షితో మాటాడువాని నోరు నొక్కుచున్నది. ఒక సాగునీటి ప్రాజెక్టు విషయమునగాని, పోడుభూముల విషయమునగాని తన నియోజకవర్గపు పేదల పక్షమున తన ప్రభుత్వమునకు వ్యతిరేకముగా ఓటు వేసిన సభ్యుడు, పక్షము పదునైదు దినములలో క్షమింపనిచో సభ్యత్వమును కోల్పోవును. అనగా నేటి చట్టము క్రింద బురాసా వంటివానికి శిక్షయు, గుంపుగా పోవువారికి రక్షయు కలదు.

పక్షక్రమశిక్షణ అక్కరలేదా యని కొందరడుగుదురు. అక్కరయే. ప్రతిసభ్యుడును ప్రతిదినము తన త్రోవను తాను పోయినచో ఏ ప్రభుత్వమును ఆరునెలలు నిలువదు. 1967 తరువాత ఉత్తరదేశమున ఒకేదినమున రెండుసార్లు పక్షము మారినవారిని మనము చూచియున్నాము. కనుక విశ్వాసతీర్మానములందును, బడ్జెటునందును విప్ ఉండవలసినదే. మిగిలిన విషయములలో సభ్యునికి నోరుండవలెను. ఫిర్యాదులపై తీర్పునకు గడువును చట్టముననే వ్రాయవలెను, సాధ్యమైనచో ఆ యధికారమును సభాపతినుండి తీసి స్వతంత్రమైన న్యాయపీఠమునకు ఇవ్వవలెను. విలీనమను ద్వారమును పూర్తిగా మూయవలెను. పక్షము మారదలచినవాడు ఒక్కడైనను పండ్రెండుగురైనను స్థానమును విడిచి ప్రజలయొద్దకు పోవలసినదేయని ఒక్క వాక్యమున వ్రాసినచో చాలును.

ఇవి దిల్లీలో కావలసిన పనులు, ఎప్పుడగునో చెప్పలేము. అయితే మన చేతిలో నున్న పని యొకటి కలదు. 1952లోనే కరీంనగరు ప్రజలు దేశమంతయు కాంగ్రెసు వెంట పోవుచున్నపుడు బద్దం ఎల్లారెడ్డిగారిని లోకసభకు పంపి, తమకొక స్వంత బుద్ధి కలదని చూపిరి. ఆ బుద్ధిని నేడు ఒక చిన్న పనికి ఉపయోగింపవలెనని మా మనవి. రేపటి యెన్నికలలో ఓటడుగ వచ్చు ప్రతి యభ్యర్థిని, ఏ పక్షమువాడైనను, ఊరిచావడిలోగాని, గ్రంథాలయములోగాని నలుగురి యెదుట నిలిపి ఒక్క ప్రశ్న నడుగుడు: ఈ గుర్తును విడుచునాడు ఈ స్థానమును గూడ విడుతువా? విడుతునని చెప్పినచో వ్రాయించి, సంతకము చేయించి, ఆ కాగితమును పఠనమందిరపు గోడకు అంటించియుంచుడు. ఆ కాగితము న్యాయస్థానమున చెల్లదు, నిజమే. కాని మాట తప్పినవాడు అయిదేండ్లకు మరల అదే గ్రంథాలయమునకు రావలెను, ఆ గోడను చూడవలెను. ఉత్తరము చెప్పక దాటవేసినవానిని గూడ గుర్తుంచుకొనుడు. దాటవేయుటయు ఒక ఉత్తరమే.

నాయకులలో స్వతంత్రబుద్ధి లేదని విచారించుట సులభము. లక్ష్మణ్ గారివంటివారు తామంత తామే పుట్టలేదు. వారి రాజీనామాకు విలువకట్టగల ప్రజలు వెనుక నుండినందుననే అది చరిత్రలో నిలిచినది. బురాసా పేరును కెనడా మరువకుండుటకు లబెల్ ఓటరులే కారణము. ఓటరు తన బుద్ధిని నోటుకో, కులమునకో, ఒకనాటి విందునకో అమ్ముకొన్నచోట స్వతంత్రుడైన ప్రతినిధి యెక్కడనుండి వచ్చును? సెప్టెంబరు 27న వాంకిడి బిడ్డకు దండ వేయువారు వేయుదురు గాక. మన మండలముల ప్రజలు ఆ దినమున తమ ప్రతినిధులను ఈ ప్రశ్న అడిగినచో ఆయనకు అంతకంటె గొప్ప దండ లేదు.